పద్నాలుగో అంశం

ఆ మంగళవారం ఉదయం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ఈస్ట్ ఫెల్టన్ ఊరికి పదకొండేళ్ళుగా మంచు తోసే బండి నడుపుతున్న అర్మాండ్, అతని తల్లి జోసెట్, ఆసుపత్రిలో డ్యూటీ ముగించుకొచ్చి మేడ మీద పడుకుని, గొడవంతా సద్దుమణిగేదాకా లేవని అతని భార్య రెనీ, పదహారేళ్ళ కూతురు ఒడెట్, ఒక కుంటి కుక్క, మేపుల్ పాకంలో ఉడికిన చిక్కుడు గింజలు మూడు కుండలు.

మార్చిలో మొదటి మంగళవారం అమెరికాలోని వెర్మాంట్‌లో ఊరి సభ, ఊరివాళ్ళంతా చేరి ఒక్కో అంశం మీద ఓటేసే రోజు. ఆ ఇంటి పథకం ఏటా ఒకటే. పదింటికి సభకు వెళ్ళడం, మధ్యాహ్నం జోసెట్ చేతి గింజలు తినడం, ఇంటికి రావడం. ఈసారి ఒడెట్‌కు ఇంకో పని కూడా ఉంది. బడిలో ప్రతి శుక్రవారం ఒకరు లేచి, ప్రభుత్వంలో ఆ వారం జరిగిన ఒక సంగతి గురించి రెండు నిమిషాలు చెప్పాలి. మిగతావాళ్ళు దాని మీద చర్చించాలి. ఆమె వంతు వచ్చిన మొదటిసారి ముక్కులోంచి రక్తం కారింది. రెండోసారి మంచు పడి బడే మూసేశారు. రెండుసార్లూ ఆమె దేవుడికి దండం పెట్టుకుంది. మూడోసారి ఈ శుక్రవారం. అందుకని సభలో వెనక వరసలో కూర్చుని అన్నీ రాసుకుని, శుక్రవారం తలెత్తకుండా చదివేయాలనుకుంది.

కాఫీ తాగుతూ అర్మాండ్ ఊరి నివేదిక పుస్తకం తెరిచాడు. అది రెండు వారాల కిందటే వచ్చింది. అప్పటినుంచీ బల్ల కాలి కిందే ఉంది.

"అమ్మా, పద్నాలుగో అంశం విన్నావా? 'ఊరి మంచు బండి రోడ్డు పక్కన గుంజ మీద ఉన్న ఎవరి ఉత్తరాల డబ్బాను పడగొట్టినా, బండి నడిపే వ్యక్తి ఆ ఇంటివారికి తలవంచి క్షమాపణ చెప్పి, డబ్బాను తన చేతులతో తిరిగి నిలబెట్టవలెను. పంతొమ్మిది మంది ఓటర్ల విన్నపం మీద.'"

"పంతొమ్మిది మందా! ఎవర్రా వాళ్ళు?" అంది జోసెట్ గరిటె ఎత్తి.

"పేర్లు వెయ్యలేదు. నేను నిలబెట్టట్లేదనా వీళ్ళ బాధ? ప్రతి ఆదివారం పలుగు పట్టుకుని తిరిగేది ఎవరనుకుంటున్నారు?" అతను పుస్తకం మూసి బల్ల మీద పడేశాడు. తర్వాత గోడకున్న బండి తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. "ఇవాళే సభలో ఇచ్చేస్తాను. వాళ్ళనే తోసుకోమను, మంచు."

ఒడెట్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. 'తలవంచి' అన్న మాట ఆమెదే. జనవరిలో టీచరు హాలోరన్, మీ ఊరి కష్టం ఒకటి తీసుకుని విన్నపం ఎలా రాస్తారో నమూనా రాసుకురమ్మంది. ఒడెట్ రాసింది. కింద పేరుకూ చిరునామాకూ సంతకానికీ అందంగా గీతలు కూడా గీసింది. మర్నాడు చూస్తే కాగితం లేదు. కుక్క తినేసిందనుకుని మళ్ళీ రాసిచ్చింది. కుక్క మీద ఇన్నాళ్ళూ కోపంగానే ఉంది.

చెప్పేద్దామని నోరు తెరిచింది. "నాన్నా..."

"ఏమ్మా?"

"వెన్న."

అర్మాండ్ వెన్న అందించాడు.

సభా మందిరం తలుపు దగ్గర జోసెట్ కుండలు దించీ దించకముందే విచారణ మొదలుపెట్టింది. ఎదురుపడిన ప్రతివాణ్ణీ గరిటెతో ఆపింది. "ఏరా ఎల్డన్, నువ్వు సంతకం పెట్టావా?"

సభ నడిపే ఎల్డన్ ట్రాస్క్ రెండు చేతులూ ఎత్తేశాడు. "నేనా! మా ఆవిడ మీద ఒట్టు. ఆ కొండ మీద కొత్తగా వచ్చిన జంట పనేమో అత్తా."

అది నిమిషంలో జంట చెవిన పడింది. ఊరు తమని పొమ్మంటోందనుకుని ఆ అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆమెను ఓదార్చబోయిన పాల డెయిరీ హిరామ్‌ని చూసి, వీడే రాయించాడన్నమాట అనుకున్నారు వెనక వరసవాళ్ళు. హిరామ్ తమ్ముడు లేచి అన్నకు దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. మొదటి అంశం ముగిసేసరికి ఊళ్ళో ఎవరి పక్కనా ఎవరూ లేరు. నూట ఇరవై మంది మూడు వందల కుర్చీల్లో పరుచుకున్నారు. జోసెట్ అయితే కుండల మీద మూతలు బిగించి, "ఆ పంతొమ్మిది మందీ తేలేదాకా గింజ కూడా వడ్డించను" అని ప్రకటించింది. సభ అంతకు ముందెన్నడూ అంత నిశ్శబ్దంగా జరగలేదు.

పద్నాలుగో అంశం వచ్చింది. అర్మాండ్ లేచి తాళం చెవి ఎల్డన్ ముందు పెట్టాడు. "పేర్లు చదివించండి. ఎవరికి తలవంచాలో నాకూ తెలియాలి కదా."

ఊరి గుమస్తా మిల్‌డ్రెడ్ కళ్ళద్దాలు సవరించుకుని, దాచుకున్న అసలు కాగితం తీసింది. "మొదటి సంతకం, అర్మాండ్."

"ఏ అర్మాండ్?"

"ఊళ్ళో ఉన్నది నువ్వొక్కడివేగా. రెండోది ఎల్డన్ ట్రాస్క్. మూడోది హిరామ్. నాలుగోది జోసెట్..."

"నేనా!" జోసెట్ గరిటె జారిపడింది. "ఇలా తే ఆ కాగితం." దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఇది మన విందు కాగితమే మిల్‌డ్రెడ్! ఇంట్లో బల్ల మీద గీతలు గీసి ఉన్న కాగితం దొరికితే, ఎవరెవరు వంట తెస్తారో దాని మీద రాయించుకున్నాను. ఎవరి గిన్నె వాళ్ళకి చేర్చడానికి చిరునామాలు. ఎన్ని బల్లలు వెయ్యాలో తెలుస్తుందని నీ కిటికీ దగ్గర పెట్టి వెళ్ళాను."

"నాకు పద్దెనిమిది సంతకాలు చాలు, పంతొమ్మిది వచ్చాయి. గడువులోపే వచ్చింది. ఎందుకు పెట్టారని అడిగే అధికారం నాకు లేదు," అంది మిల్‌డ్రెడ్.

"మరి పైన ఉన్నది ఎవరూ చదవలేదా?" అని కొత్తగా వచ్చిన అతను అమాయకంగా అడిగాడు.

అందరూ అతని వంక జాలిగా చూశారు. జోసెట్ ఇచ్చిన కాగితాన్ని చదివి సంతకం పెట్టడమంటే, ఆమె వంటను వాసన చూసి తినడం లాంటిది.

"సరే, పైన రాసింది ఎవరు?" అన్నాడు ఎల్డన్.

 అర్మాండ్ తల దించుకుని నిలబడ్డాడు. బల్ల మీద తాళం చెవి మెరుస్తోంది. వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. ఒడెట్ లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"ఆగమ్మా," అన్నాడు ఎల్డన్. "నీకు ఓటు లేదు. ఓటు లేనివాళ్ళు మాట్లాడాలంటే సభ ఒప్పుకోవాలి. ఈ పిల్లని మాట్లాడనిద్దామనేవాళ్ళు సరే అనండి."

మందిరం అదిరేలా "సరే" అన్నారు. ఎవరో ఒకరు వద్దంటారని ఒడెట్ ఆశపడింది. వద్దనుకున్నది ఆమె ఒక్కతే. ఆమెకు ఓటు లేదు.

"నేనే రాశాను. బడికి. అది మా డబ్బా గురించి." చేతిలో రాసుకున్న కాగితం వైపు చూడకుండానే చెప్పుకుపోయింది. "నాన్న మా డబ్బాని మూడుసార్లు పడగొట్టారు. ఆదివారం అందరివీ నిలబెట్టి వచ్చేసరికి చీకటి పడుతుంది. మాది అలాగే మంచులో ఉంటుంది. అమ్మకొచ్చే ఉత్తరాలు తడుస్తాయి. అంతే. నాన్న మంచివారు కాదని కాదు."

 తర్వాత హిరామ్ లేచాడు. "నాదీ పడిందయ్యా డిసెంబర్లో. నేను చూసేసరికి నిలబెట్టి ఉంది. నా కొడుకు చేశాడనుకుని వాడికి జీతం పెంచాను."

"మా ఆవిడకి నొప్పులొచ్చిన తెల్లవారు మా దారి ఒక్కటే ముందు తోశాడు," అన్నాడు హిరామ్ తమ్ముడు. అని, లేచి వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాడు. కొండ మీద అమ్మాయి, తమ డబ్బాకి ఎవరో కొత్త మేకు కూడా కొట్టారని, ఎవరికి థాంక్స్ చెప్పాలో ఇవాళ్టిదాకా తెలియలేదని చెప్పింది. ఫిర్యాదు చేద్దామని లేచినవాళ్ళు కూడా, లేచాక అదే చెప్పారు. అర్మాండ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఓటు పెట్టారు. పద్నాలుగో అంశం ఏకగ్రీవంగా గెలిచింది. అందరికన్నా గట్టిగా సరే అన్నది అర్మాండే.

"ఇక ఇది," అంటూ ఎల్డన్ తాళం చెవిని వేలితో వెనక్కి నెట్టాడు. "దీని గురించి ఇవాళ్టి జాబితాలో ఏ అంశమూ లేదు. జేబులో వేసుకో. గింజలు చల్లారిపోతున్నాయి."

మధ్యాహ్నం అర్మాండ్ తన వాకిట్లో, పడుకున్న భార్యకు బదులు, ఉత్తరాల డబ్బాకే తలవంచి క్షమాపణ చెప్పాడు. ఒడెట్ పలుగు పట్టుకుంది.

"వెన్న అన్నావు చూడు పొద్దున," అన్నాడు అతను మట్టి తొక్కుతూ, "అప్పుడే అనుకున్నాను. నువ్వు వెన్న తినవు కదా." డబ్బా మూత వేసి, "మంచిపని చేశావు తల్లీ" అన్నాడు.

ఆమె లోపలికెళ్ళి ముందు కుక్కకి క్షమాపణ చెప్పింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. గురువారానికి ఏడు పేజీలైంది. హిరామ్‌కి, మిల్‌డ్రెడ్‌కి, సరే అన్న నూట ఇరవై మందికీ అందులో కృతజ్ఞతలున్నాయి. రెండు నిమిషాలు ఏ మూలకి వస్తాయని ఆమె దిగులుపడింది.

శుక్రవారం గంట మోగకముందే ఆమె లేచి నిలబడింది. టీచరు హాలోరన్ నవ్వుతూ వచ్చి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తలుపు దాకా నడిపించింది.

"నీ మార్కులు మంగళవారం సభలోనే వేసేశానమ్మా. ఈ వారం మేం చర్చించే సంగతి నువ్వే. నువ్వు ఎదురుగా ఉంటే వీళ్ళు మొహమాటపడతారు. ఊరి బోర్డు కూడా ఒక మనిషి గురించి మాట్లాడేటప్పుడు ఆ మనిషిని బయట కూర్చోబెడుతుంది, తెలుసుగా?"

"కానీ టీచర్, నేను..."

తలుపు మూసుకుంది.

మూసిన తలుపు ముందు నిలబడి, ఒడెట్ బడిలో చేరాక మొదటిసారి చెయ్యి ఎత్తింది.