గుండయిపోయింది

ఆ గురువారం శ్రీరామ్మూర్తి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే మద్దిలపాలెం వెళ్ళి, ముందురోజు సాయంత్రం ఎల్లారావు షాపులో వదిలొచ్చిన కారుకి కొత్త టైర్లు వేయించుకోవడం, యారాడ కొండ ఒకసారి ఎక్కి దిగడం, రెండింటికల్లా షిఫ్టుకి వెళ్ళిపోవడం. ఇందులో ఎవరికీ నష్టం లేదు. ఎవరూ ఏడవాల్సిన పని అసలే లేదు.

యాభై మూడేళ్ళ శ్రీరామ్మూర్తి గాజువాక అవతల ఒక ప్రైవేటు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. కరిగిన ఉక్కు నింపిన తొట్టెను, కింద పనిచేసే నలభైమంది తలల మీదుగా మోసుకెళ్ళి చుక్క ఒలకకుండా దించడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా రోజూ డెబ్భై నాలుగు మెట్లెక్కి ఆ గాజు క్యాబిన్‌లో కూర్చుంటున్నాడు. నేలమీద అతని మాట ఇంట్లో గాని బయట గాని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పైనుంచి సైరన్ కొడితే మాత్రం మేనేజరైనా పక్కకి జరగాల్సిందే. ఆ కుర్చీ లేకపోతే తాను ఎందుకూ కొరగానని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా తప్పని చెప్పడానికి కూడా లేదు.

పిల్లలు లేరు. ఆ లోటు కారుతో తీర్చుకుంటున్నాడని వీధిలో అంటారు. ఓడల వ్యాపారి ఒకాయన ఊరొదిలి వెళ్తూ అమ్మేసిన పాత స్పోర్ట్స్ కారు అది. నాలుగువందల యాభై గుర్రాల బలం. గుర్రాలకేం, అన్నీ బాగానే ఉన్నాయి. రోడ్డుమీద పట్టే లేదు. కిందటి వారం సన్నటి జల్లులో యారాడ కొండ మలుపు తిప్పుతుంటే కారు వెనకభాగం ముందుకి రాబోయింది. పిట్టగోడ జానెడు దూరంలో ఆగింది. ఆ సంగతి అతను భార్య గౌరీశ్వరికి చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ కారుని తుక్కు కొట్టుకి పంపి గాని అన్నం తినదు.

అందుకే ఏడింటికి ఎల్లారావు ఫోన్ చెయ్యగానే శ్రీరామ్మూర్తి బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించాడు. వంటింట్లో దొండకాయలు తరుగుతున్న గౌరీశ్వరి చెవులు రిక్కించింది. గొంతు తగ్గించిన మొగుడి మాట ఏ ఇల్లాలికైనా మామూలుకన్నా స్పష్టంగా వినిపిస్తుంది.

టైరు అరిగి నున్నగా అయిపోతే షాపువాళ్ళు దాన్ని గుండు అంటారు. ఎల్లారావు చెప్పింది అదే. తెలుగులో ఉన్న చిక్కేమిటంటే, గుండు అయిపోయినా గుండె అయిపోయినా గబగబా అంటే చెవికి ఒకటే.

“గుండయిపోయిందా? పూర్తిగానా?” అంటున్నాడు శ్రీరామ్మూర్తి. “ఎప్పుడు పేలిపోద్దో తెలీదంటావ్... అయితే మార్సీడవే. ఆ... రెండు రకాలున్నాయా? గట్టిది ఎన్నాళ్ళొస్తాది? ఏడెనిమిదేళ్ళా... మరి మెత్తదో? రెండేళ్ళేనా?”

గౌరీశ్వరి చేతిలో దొండకాయ కత్తిపీట మీద అలాగే ఆగిపోయింది.

“మెత్తదే ఎయ్యి బావా. రెండేళ్ళు సాలు నాకు. ఉన్న రెండేళ్ళూ పట్టు బాగుంటే సాలు, ఆ తర్వాత సంగతి తర్వాత. మా ఇంటిదానికి మట్టుకు సెప్పకు, ఏడుస్తాది.”

ఇంటిది అప్పటికే ఏడుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకుని, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అతను వచ్చి, “బయటికెల్లొస్తాను, టిఫిను ఒద్దు” అంటే తల ఊపింది. మొహం చూపించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకి ఇంట్లో అతను తప్ప ఎవరూ లేరు. అతనేమో కొత్త గుండెల్లో రెండేళ్ళ రకం ఎంచుకుని చెప్పులేసుకుంటున్నాడు.

అతను వీధి మలుపు తిరగగానే తమ్ముడు నరేష్‌కి ఫోన్ చేసింది. నరేష్ అదే ఫ్యాక్టరీలో సేఫ్టీ విభాగంలో చేస్తాడు. మంచివాడు. ఈ కథలో జరిగిన నష్టమంతా మంచివాళ్ళే చేశారు.

“ఏడవకక్కా, నాను కనుక్కుంటాను కదా” అని అతను బావగారికి ఫోన్ కలిపాడు.

అప్పటికి శ్రీరామ్మూర్తి టైర్ల షాపులో బల్లమీద కూర్చుని జీవితంలో అతి ముఖ్యమైన నిర్ణయం తీసుకుంటున్నాడు. టైరు పక్కగోడ మీద అరుగుదల అంకె ఒకటుంటుంది. అంకె పెద్దదైతే రబ్బరు గట్టిది, చాలాకాలం వస్తుంది. చిన్నదైతే మెత్తది, రోడ్డుని కరుచుకుంటుంది, తొందరగా అరుగుతుంది. ఐదువందల అంకె టైరుని ఎల్లారావు బొటనవేలి గోటితో నొక్కాడు; గోరు దిగలేదు. రెండువందల దాన్ని నొక్కాడు, దిగింది.

“ఇదీ నీ బండికి” అన్నాడు. “మరి వోనలో మట్టుకు నెమ్మదిగా ఎల్లాల, గీతలు తక్కువ. ఇంకోటి బావా, ఎడంపక్క టైర్లు రెండూ అంచు సీరుకుపోయున్నాయేటి? రోజూ గోడకి రాత్తన్నావా?”

“మా సందు ఇరుకు” అన్నాడు శ్రీరామ్మూర్తి. అప్పుడు మోగింది ఫోను.

“బావగారూ, నాను నరేష్‌ని. ఎక్కడున్నారు?”

టైర్ల షాపులో అని చెప్పబోయి శ్రీరామ్మూర్తి ఆగాడు. ఆగకుండా చెప్పుంటే కథ ఇక్కడితో అయిపోయేది. “సిన్న పని మీదున్నాన్రా. మార్పించెత్తన్నాను. మీ అక్కకి తెలిసిపోనాదా?”

“ఇయాలే మార్పించేత్తారా!”

“గంటన్నర పనే కదా. అయిపోగానే తిన్నగా షిఫ్టుకి ఒచ్చెత్తాను.”

“ఎవరు సేత్తన్నారు బావగారూ? పేరున్నోళ్ళేనా?”

“ఎల్లారావని మనోడే. పదో తరగతి తప్పేడు గాని సెయ్యి మంచిది. నువ్వు కంగారు పడకు.”

నరేష్ ఎందుకు కంగారుపడడు? పదో తరగతి తప్పినవాడి చేత గుండె మార్పించుకున్న మనిషి, ఆ మధ్యాహ్నమే వచ్చి, నలభైమంది నెత్తిమీద మరిగే ఉక్కు తిప్పబోతున్నాడు. అలాంటిది తెలిసి ఊరుకుంటే అతని ఉద్యోగానికి అర్థం లేదు. మేనేజరు గురునాథరావు గదికి వెళ్ళి, ఎవరికీ చెప్పొద్దని చెప్పి, అంతా చెప్పాడు. గురునాథరావు కూడా ఎవరికీ చెప్పొద్దనే షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పాడు. పదకొండింటికి క్యాంటీన్‌లో శ్రీరామ్మూర్తి కోసం ఉప్పులేని పప్పు విడిగా తీసిపెట్టారు. అందరికన్నా పెద్దగా ఏడ్చినవాడు సహాయ ఆపరేటరు వీరన్న. తొమ్మిదేళ్ళుగా ఆ క్యాబిన్ మీద కన్నేసి ఉన్నవాడు కనక, కళ్ళు తుడుచుకుని పైకెక్కి కూర్చున్నాడు.

ఒంటిగంటన్నరకి శ్రీరామ్మూర్తి గేటు దగ్గరికొచ్చాడు. కొండమీద ప్రతి మలుపులోనూ కారు రోడ్డుకి అతుక్కుపోయినట్టు తిరిగింది. పెళ్ళైన కొత్తలో కూడా అంత ఆనందపడి ఎరగడు. గేటుకి కార్డు చూపిస్తే ఎర్రలైటు వెలిగింది. సెక్యూరిటీ గార్డు గౌరవంగా కుర్చీ వేశాడు. లోపలినుంచి అంబులెన్సు వచ్చి పక్కన ఆగింది. వెనకాలే గురునాథరావు, నరేష్.

“మూర్తిగారూ, మీరింక క్రేన్ గురించి ఆలోచించకండి” అన్నాడు మేనేజరు. “ముందు మనిషి ముఖ్యం.”

“నాకేటైంది సార్?”

“మాకంతా తెలుసులెండి. గుండయిపోయిందట కదా.”

శ్రీరామ్మూర్తికి విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. ఆ నవ్వు చూసి నరేష్ కళ్ళు తుడుచుకున్నాడు.

“టైరు సార్! టైరు గుండయిపోయింది!”

“అలాగేలెండి, గట్టిగా అరవకండి.”

“అరవకపోతే మీకు అర్థమవదు కదా!” అని అతను డిక్కీ తెరిచి, మొక్కలేసుకుందామని తెచ్చుకుంటున్న పాత టైరు ఒకటి పైకెత్తి, భుజాన పెట్టుకుని, మేనేజరు మీదికి పరిగెత్తాడు. “ఇదిగో నా గుండు! సూడండి! నున్నగా ఎలగుందో సూడండి!”

“బరువెత్తనీకండి! పట్టుకోండి!” అని నలుగురు అరిచారు. టైరుని అతను వదల్లేదు. అతన్ని వాళ్ళు వదల్లేదు. చివరికి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, గుండెలమీద టైరుతో సహా ఫస్ట్ఎయిడ్ గదికి మోసుకెళ్ళారు. నర్సు బీపీ చూసింది. ఆ స్థితిలో ఎవరికైనా ఎంతుంటుందో అంతే ఉంది, నూట తొంభై. ఆ అంకె ఆవిడ పుస్తకంలో రాసింది. అంతవరకు పుకారుగా ఉన్నది కాగితమైపోయింది.

“నాను నమ్ముతన్నాను బావగారూ” అన్నాడు నరేష్ దిగులుగా, టైరు చూసి. “కాని ఒకసారి రాసేక పూర్తి ఫిట్‌నెస్ పరీక్ష సెయ్యకండా పైకి ఎక్కించడానికి రూలు నేదు. సోమవారం సేయించీసుకుందాం.”

సాయంత్రం ఇంటికి చేరేసరికి వాకిట్లో పదిజతల చెప్పులున్నాయి. పక్కింటి నారాయణమ్మ అరటిపళ్ళు పట్టుకుని, గుండె మార్పించుకుని పోయిన తన బంధువుల గురించి వరసగా చెబుతోంది. లోపలికొస్తూ శ్రీరామ్మూర్తి స్టూలుకి తగిలి తూలాడు; హాలంతా ఒక్కసారి కెవ్వుమంది. టైరు కథ చెప్పాడు. మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక, కష్టపడి వచ్చినవాళ్ళంతా మోసపోయినట్టు మొహాలు పెట్టుకుని వెళ్ళిపోయారు. నారాయణమ్మ అరటిపళ్ళు కూడా తీసుకుపోయింది.

గౌరీశ్వరి ఒక్కతే మిగిలింది. నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ నవ్వలేదు.

“నిజంగా అయ్యుంటే ఏటి సేసేవారు?” అంది. “నాకు సెప్పకండానే పోదురు. రెండేళ్ళు సాలని మీకు మీరే అనీసుకుందురు. నాకు సాలునో నేదో అడగరు.”

“టైర్ల గురించే గౌరీ...”

“ఆ మాట మీ నోట్లోంచి ఎంత సులువుగా ఒచ్చిందో నాను విన్నాను కదా.”

భార్య తనకోసం ఇంతగా భయపడుతుందని తెలియడం శ్రీరామ్మూర్తికి మొదటిసారి. సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక ఆవిడ పక్కన కూర్చుండిపోయాడు. ఆవిడ లేచి ఉప్పు వేసిన పప్పు పెట్టింది.

సోమవారం ఫ్యాక్టరీ డాక్టరు జ్యోతిర్మయి అతన్ని తలనుంచి పాదాలదాకా పరీక్షించింది. నడిపించింది, పరిగెత్తించింది, గుండె బొమ్మ తెరమీద చూసింది. “మీ గుండె పాతికేళ్ళ కుర్రాడిది” అంది. బయట బల్లమీద గౌరీశ్వరి రెండు చేతులూ జోడించి సింహాచలం వైపనుకుని గోడకి దణ్ణం పెట్టింది. నరేష్ మిఠాయి తేవడానికి వెళ్ళాడు. వీరన్న పెట్టె సర్దుకుని క్యాబిన్ దిగుతున్నాడని కూడా కబురొచ్చింది.

“ఇంక సంతకం పెట్టెయ్యండమ్మా” అన్నాడు శ్రీరామ్మూర్తి. “రెండింటికి షిఫ్టు.”

“పూర్తి పరీక్ష అన్నారు కదా, కళ్ళు ఒక్కటే మిగిలాయి.”

“అవి ఏటేటా సూపిత్తన్నాను. గోడమీద అచ్చరాలు కిందిదాకా సదివెత్తాను.”

“ఇది చదివేది కాదండి. ఈ మిషన్‌లో గడ్డం పెట్టి, మధ్యలో పసుపు చుక్కనే చూస్తూ ఉండండి. పక్కల్లో ఎక్కడైనా చిన్న వెలుగు కనిపిస్తే ఈ బటన్ నొక్కండి.”

ముందు కుడికన్నుకి గంత కట్టారు. శ్రీరామ్మూర్తి గడ్డం పెట్టి, బటన్ మీద బొటనవేలు ఉంచి, పసుపు చుక్క చూస్తూ కూర్చున్నాడు. క్రేన్ మీద లివరు పట్టుకున్నంత శ్రద్ధగా కూర్చున్నాడు. గది చీకటిగా, చల్లగా ఉంది. మిషన్ ఎక్కడో టిక్కు టిక్కుమంటోంది. కాసేపు చూసి, ఆవిడేమైనా మర్చిపోయిందేమోనని మర్యాదగా అడిగాడు.

“ఎప్పుడు మొదలెడతారమ్మా?”

డాక్టరు మిషన్ ఆపింది. “మొదలెట్టి మూడు నిముషాలైందండి” అంది.

నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కలే మెల్లిగా మూసుకుంటూ వస్తాయి. ఎడమ కన్నుకి పక్కచూపు దాదాపు లేదు, కుడికన్నుకి మొదలైంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కలమందుతో నిలబెట్టుకోవచ్చు. ఇప్పుడైనా దొరికింది, అదృష్టవంతులు అంది డాక్టరు. నలభైమంది ఆ ఎడమవైపు కింద ఎన్నాళ్ళుగా నడుస్తున్నారో ఆ గదిలో ఎవరూ అడగలేదు. మిఠాయి పొట్లం తెచ్చిన నరేష్ దాన్ని ఎవరికివ్వాలో తెలియక చేతిలోనే ఉంచుకున్నాడు. చివరికి అది వీరన్నకి చేరింది.

శ్రీరామ్మూర్తికి స్టోర్స్‌లో కుర్చీ ఇచ్చారు. నేలమీద కుర్చీ. అక్కడ బోల్టులు లెక్కపెట్టి ఇస్తే తీసుకున్నవాళ్ళు థాంక్స్ కూడా చెప్పరు. మొదటివారమంతా అతనికి రాత్రీ పగలూ లేకుండా ఏడవాలనిపించేది, చుక్కలమందు కొట్టుకుపోతుందని ఆపుకునేవాడు. కారు నడపడం డాక్టరు వద్దంది. అమ్మేద్దామన్నాడు. గౌరీశ్వరి ఒప్పుకోలేదు, ఎవరికీ చెప్పకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరి, నెల తిరిగేసరికి లైసెన్సు తెచ్చుకుంది.

ఆదివారం పొద్దున బీచ్‌రోడ్డు మీదికి తీసుకెళ్ళింది. నాలుగువందల యాభై గుర్రాలనీ గంటకి పద్దెనిమిది కిలోమీటర్ల వేగంతో, రెండు చేతులా స్టీరింగు బిగించి, ఊపిరి బిగబట్టి నడుపుతోంది. శ్రీరామ్మూర్తి ఎడమసీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఎక్కడో గంట మోగింది.

“సూసేరా, కొబ్బరిబొండాల సైకిలోడు కూడా మనల్ని దాటీసేడు! అదుగో, మీ పక్కనుంచే!” అంది గౌరీశ్వరి, నవ్వుతూ.

“సూసేను” అన్నాడు శ్రీరామ్మూర్తి.