అల్లుడి జట్టుకు భక్ష్యాలు

మా ఆయన శేషప్ప జీవితంలో బంతిని తన్నింది ఒక్కసారే. అదీ ఆయన తన్నలేదు, బంతే వచ్చి ఆయన కాలికి తగిలింది. అయినా ఆదోని పత్తి జిన్నింగు మిల్లు ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కోచ్. మెడలో విజిల్ వేసుకొని మైదానం గట్టున అటూ ఇటూ పరుగులు తీసేవాడు. ఆడేవాళ్ళ కంటే ఆయనకే ఎక్కువ చెమట పట్టేది.

డెబ్బై తొమ్మిదిలో పత్తి వర్తకులు ఒక కప్పు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వచ్చాయి. ఒక్కసారి ఓడితే మూటాముల్లె సర్దుకొని ఇంటికి పోవడమే, రెండో మాట లేదు. ఆటలో కూడా పంపించేయడమేనా అనుకున్నాను.

నాకు ఎవరు ఎటు పోయినా దిగులే. పుట్టింది కోసిగిలో. వానలు లేని ఏడాది అమ్మా నాయనా నన్ను అవ్వ దగ్గర వదిలి కూలికి పోయేవాళ్ళు. వాళ్ళు ఏ బస్సులో తిరిగొస్తారోనని రోడ్డు మీద నిలబడి బోర్డులు చూసీ చూసీ చదవడం నేర్చుకున్నాను. ఆ చదువు వచ్చింది గానీ, దానితోపాటు వచ్చిన దిగులు పోలేదు. మా ఆయన బీడీల కోసం చెప్పులు తొడిగినా ఎప్పుడొస్తావని అడిగేదాన్ని. వీధి మలుపు దాకా పోయి వస్తాననేవాడు. ఆ మలుపు దాకా చూస్తూ నిలబడేదాన్ని.

అట్లాంటి నాకు ఒక్కతే కూతురు, రామక్క. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్లవాడు కాశప్పతో సంబంధం కుదిరింది. పిల్లవాడు బంగారం. ఒక్కటే తంటా, ఎమ్మిగనూరు జట్టులో ముందుండి గోల్‌లు కొట్టేది అతనే. తన జట్టు కప్పులో ఉన్నంతకాలం తలమీద జీలకర్ర బెల్లం పెట్టించుకోనని శపథం పట్టాడు.

మా ఆయనకు పెండ్లి శ్రావణంలోనే కావాలి. అప్పుడు మిల్లుకు పని ఉండదు. కొత్త పత్తి దిగిందంటే మళ్ళీ ఎండాకాలం దాకా సెలవు దొరకదు. అంటే శ్రావణం దాటితే నా కూతురు ఎండాకాలం దాకా నా దగ్గరే ఉంటుంది. కప్పు ఆటలేమో శ్రావణం చివరిదాకా సాగుతాయి. ఈ లెక్క తెలిసిన రోజు నుంచి నేను ఎమ్మిగనూరు జట్టుకు అభిమానినైపోయాను. ఈ సంగతి బయటికి చెప్పలేదు.

ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి ఇద్దరం కలిసే పోయాం. అల్లుడి జట్టు ఓడాలని ఆయన టెంకాయ కొట్టాడు, గెలవాలని నేను కొట్టాను. స్వామికి ఎంత ఇబ్బందో చూడండి. వచ్చే దారిలో ఏం మొక్కుకున్నావని ఆయన అడిగితే, నీ మొక్కే నాదీ అని చెప్పాను.

స్వామి నా టెంకాయే తీసుకున్నాడు. కాశప్ప జట్టు మొదట పెద్దకడుబూరును ఇంటికి పంపింది, తరువాత ఇంకో ఊరిని పంపింది. సెమీఫైనల్‌లో మా మిల్లు జట్టు మీదికే వచ్చి పడింది.

ముందురోజు మా ఆయన వంటింటి గడప మీద వచ్చి కూర్చున్నాడు. ఆయన వంటింటికి వచ్చాడంటే ఏదో పన్నాగం ఉన్నట్టే.

"రేపు మధ్యాహ్నం అల్లుని జట్టుకు మనింట్లో భోజనం. భక్ష్యాలు చెయ్యి. నెయ్యికి వెనకాడొద్దు."

"ఎప్పుడూ లేనిది ఇంత ప్రేమ యాడ్నుంచి వచ్చెనయ్యా?"

"ప్రేమ కాదే పిచ్చిదానా. తలా ఆరు భక్ష్యాలు మింగినోడు సాయంత్రం బంతి యెనక పరిగెత్తుతాడా? నీడ కనపడితే పండుకుంటాడు. మనం గెలుస్తాం, వాడు ఓడతాడు, వచ్చే వారం పెండ్లి."

"అల్లునికి అన్నంతో ఎసరు పెడ్తాండావు కదయ్యా."

"అన్నంతో కాదు, నెయ్యితో."

సెనగపప్పు ఉడకబెడుతూ ఉంటే నాకు ఒక మాట గుర్తొచ్చింది. మా పక్క, తాళి కట్టేదాకా అల్లుడు అత్తగారింట్లో ఎంగిలి పడకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు, అంతే. మా ఆయనకు తన పెండ్లి తేదీనే గుర్తుండదు, ఇదెక్కడ గుర్తుంటుంది? గుర్తు చేద్దామని నోటి దాకా వచ్చింది. మింగేసి పూర్ణం రుబ్బుకున్నాను. అల్లుడొక్కడు తినకపోయినా మిగతా వాళ్ళు తింటారు కదా అని లోపల భయంగానే ఉండింది.

మరునాడు వాళ్ళు రానే వచ్చారు. ఇంట్లో అతిథులు తింటుంటే ఇంటివాళ్ళు తోడు కూర్చోకపోతే మర్యాద కాదు కాబట్టి, మా ఆయన మిల్లు జట్టునూ ఎదురు వరుసలో కూర్చోబెట్టాడు. వాళ్ళకు అన్నం, చారు మాత్రమే అని నాకు చాటుగా చెప్పాడు. ఆకులు వేశాం. భక్ష్యాల గంప తెచ్చి ముందు పెట్టాను.

కాశప్ప చేతులు కట్టుకొని కూర్చున్నాడు. "మామా, తాళి కట్టందే నేను ఈడ తినకూడదు. మా అమ్మ ఒప్పుకోదు."

మా ఆయన మొహం చూడాలి. సరే, పెండ్లికొడుకు వద్దు, మిగతా వాళ్ళు తినండప్పా అని బతిమాలాడు. మేమంతా మగపెండ్లివాళ్ళమే కదా మామా, ఆయనకు లేనిది మాకెట్లా అన్నారు. తలా ఒక గ్లాసు మజ్జిగైనా ముట్టలేదు. నీళ్ళు తాగి లేచారు.

గంపెడు భక్ష్యాలు, గిన్నెడు నెయ్యి మిగిలాయి. ఎదురు వరుసలో మిల్లు జట్టు. చారన్నం కలుపుతున్న చేతులు ఆగిపోయాయి. అన్నం దండగ చేయకూడదు శేషప్పన్నా అంటూ గోల్‌కీపరు మహబూబ్ బాషా మొదలుపెట్టాడు. మా ఆయన విజిల్ ఊదాడు. ఎవరూ ఆగలేదు.

సాయంత్రం మహబూబ్ బాషా గోల్ ముందు పత్తి బేలు మాదిరి నిలబడ్డాడు. బంతి ఎడమ పక్క పోతే ఎడమ పక్కకు చూశాడు, కుడి పక్క పోతే కుడి పక్కకు చూశాడు. చూడడమైతే బాగా చూశాడు. మిల్లు జట్టు మూడు గోల్‌ల తేడాతో ఓడిపోయింది. మధ్యాహ్నం భోజనాల బంతిలో గెలిచినవాళ్ళు సాయంత్రం బంతితో ఓడారు.

నేను ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెట్టాను. ఫైనల్ శ్రావణం చివరి ఆదివారం. ఇక ముహూర్తాలు లేనట్టే. ఎండాకాలం దాకా నా రామక్క నాదే. మా ఆయన గోడకు మొహం పెట్టి పడుకున్నాడు. మిల్లులో అప్పటికే ఆయనకు భక్ష్యాల కోచ్ అని పేరు పెట్టారట.

మరునాడు పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సు దిగి కాశప్ప తల్లి ఉచ్చీరమ్మ వచ్చింది. కూర్చోకుండానే మాట మొదలుపెట్టింది.

"వదినా, ఫైనలుకు మా ఊరంతా లారీల్లో వస్తాంది. మళ్ళా పెండ్లికని ఊరిని కదిలించేదెట్ల? ఆ పొద్దే తెల్లారుజామున మంచి ముహూర్తం ఉందంట. పొద్దున తాళి, సాయంత్రం ఆట."

మీ వాడి శపథం ఏమైంది వదినా అని గొణిగాను.

"నీ కూతురు వద్దనింది, వాడు వదిలేసినాడు. లారీల ఉపాయం కూడా దానిదే. భక్ష్యాలు ముట్టొద్దని మా వానికి చెప్పి పంపింది ఎవరనుకున్నావు?"

మా ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. రామక్క వాకిట్లో ముగ్గు వేస్తోంది, తలెత్తలేదు. ఏమ్మా, సొంత నాయన జట్టునే ఓడిస్తావా అని ఆయన అడిగాడు.

"ఓడిపోయినోన్ని కట్టుకోమంటావా నాయనా?" అంది.

ఆయన విజిల్ తీసి మేకుకు తగిలించాడు. కోరుకున్న శ్రావణం పెండ్లి దొరికింది గానీ, తనదే గెలుపని చెప్పుకోవడానికి ఆయనకు మొహం లేదు. నేను రాత్రి పెట్టిన దీపం దండగైపోయింది.

పెండ్లి బాగా జరిగింది. సాయంత్రం పసుపు బట్టలతోనే మైదానానికి పోయాం. ఎదుటి జట్టు బళ్ళారిది. ఆట ముగియగానే అప్పగింతలు, గట్టు పక్కనే లారీ సిద్ధంగా ఉంది. రామక్క నా పక్కనే కూర్చొని ఆట చూస్తోంది. నేను లారీని చూస్తున్నాను. బంతి ఎక్కడుందో నాకు తెలియదు. ఈ ఆట ముగియకుండా ఉంటే చాలుననుకున్నాను.

చెరొక గోల్ అయింది. పొడిగించి ఆడించారు. అయినా చెరొకటే. చివరి విజిల్ పడింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచాను.

అంతలో మైకులో చెప్పారు. ఇద్దరూ సమానం కాబట్టి ఎవరూ ఓడినట్టు కాదు, వచ్చే ఆదివారం ఇక్కడే మళ్ళీ ఆడతారని.

రామక్క లారీ ఎక్కుతూ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, శుక్రవారమే వస్తాం. ఈయన ఈ మైదానంలో ప్రాక్టీసు చెయ్యాలంట."

ఏడుద్దామంటే రాలేదు. జాగ్రత్తమ్మా అని మాత్రం అన్నాను. లారీ కదిలింది, అంతా చేతులూపారు. నా జన్మలో ఒక బండి పోతుంటే తిరిగొచ్చే రోజు తెలిసి నిలబడింది అదే మొదటిసారి.

దుమ్ము అణిగాక మా ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "ఈసారి ఈరన్నకు ఏం మొక్కినావే? మన అల్లుడే గెలవాలనా?"

"మళ్ళీ సమానం కావాలని."

"అట్ల ఎన్ని ఆదివారాలు ఆడతారే వాళ్ళు?"

"నీకెందుకయ్యా తొందర? ఆడేవాళ్ళు వయసు పిల్లోళ్ళు. ఆడనీ."