చైర్మన్‌గారి దిగుడు కరెంటు

బండ్రి ఊరికి ఇక కరెంటు కష్టాలు ఉండవని కాలుష్యరహిత ప్రయాణాల మండలి చైర్మన్ చక్రధర్‌గారు డీజిల్ జనరేటర్ మీద నడిచే మైకులో ప్రకటించారు. తాము కొన్న ఎలక్ట్రిక్ ఫ్యామిలీ ఎస్‌యూవీ కొండ దిగుతూ కరెంటు పుట్టిస్తుందని, అదంతా ఆ ఊరికే అంకితమని చెప్పారు. ఆ త్యాగానికి పిండిమిల్లు దుర్గక్క కళ్లు చెమర్చాయి. నిజానికి ఆమె అడిగింది ట్రాన్స్‌ఫార్మర్. ఊళ్లో ఉన్నది కాలిపోయాక మిల్లు మూతపడి గిరాకీ అంతా తోరణగల్లుకు పోతోంది. ఇంకొన్నాళ్లిట్లాగే ఉంటే మిల్లు అమ్ముకోవడమే.

కారు కంపెనీ ఇంజినీరు ప్రవీణ్‌కుమార్ ఓపిగ్గా వివరించాడు. దిగేటప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయట, పుట్టిన కరెంటు బ్యాటరీలో చేరుతుందట. దాన్ని బయటికి తీసుకోవడానికి ప్లగ్గు కూడా ఉంది.

"ఎక్కేటప్పుడు ఎంత తింటాదప్పా?" అంది దుర్గక్క.

"దిగితే వచ్చేదానికన్నా ఎక్కువేనక్కా," అన్నాడతను. పాపం, ఉద్యోగానికి కొత్త.

చైర్మన్‌గారు నవ్వారు. వారిది తండ్రి కాలం నుంచి ఖనిజం లారీలు తిప్పిన ఇల్లు. "మన టిప్పర్లు దోణిమలై కొండ గనులకు ఖాళీగానే పోతాండాయి గదప్పా. కారును దాంట్లో ఎక్కిస్తే సరి. ఖర్చేముండాది?"

ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇంజినీరు అటూ ఇటూ చూసి తానూ కొట్టాడు.

మర్నాడు, పట్నంలో ఎక్కించిన కరెంటు కలిసిందని ప్రతిపక్షం అనకుండా బ్యాటరీని ముందే ఖాళీ చేయించారు. టిప్పర్ పొగలు కక్కుతూ కారును కొండకు మోసింది. దిగివచ్చిన కారుకు టెంకాయ కొట్టి, మిల్లుకు వైరు తగిలించారు. మైకుకు, రంగుబల్బులకు, కూలర్లకు కూడా దాన్నుంచే లాగారు. ఎండగా ఉందని చైర్మన్‌గారు సకుటుంబంగా ఏసీ వేసుకుని కార్లోంచే పర్యవేక్షించారు. దుర్గక్క జొన్నలు పోసి, దేవుడికి దండం పెట్టుకుని స్విచ్చేసింది. మిల్లు ఒకసారి మూలిగింది. బ్యాటరీ ఖాళీ అయి కారు ఆగిపోయింది.

ఆ రాత్రే బళ్లారిలో వారికి పర్యావరణ సన్మానం. డీజిల్ బండెక్కితే పేపరువాళ్లు ఫోటో తీస్తారు. చైర్మన్‌గారు చెమట తుడుచుకుంటూ దిగారు.

"ఈడ ఛార్జింగ్ యాడ పెట్టేదక్కా?"

దుర్గక్క కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వైపు చెయ్యి చూపింది. చైర్మన్‌గారు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. పొద్దు వాలకముందే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసింది. కారు ఛార్జయింది, మిల్లు తిరిగింది. దుర్గక్క సంతోషం పట్టలేక అందరికీ బెల్లం పంచింది.

దిగుడు కరెంటుతో బండ్రి వెలిగిందని పేపర్లో చదివి, పక్కూరి ఉచ్చెంగమ్మ వచ్చింది. వాళ్ల ట్రాన్స్‌ఫార్మరూ కాలిందట. అర్జీ ఎట్లా పెట్టాలని అడిగింది.

"ట్రాన్స్‌ఫార్మర్ అడగొద్దు," అంది దుర్గక్క జల్లెడ దులుపుతూ. "చైర్మన్ సార్ కారునడుగు. వచ్చినంక కూలర్లు మాత్రం ఎక్కువ పెట్టు."