మినుకుమినుకుమనే మాటలకు జేజేలు

రచయితకు భాష రావాలన్న పాత నియమాన్ని నేను ఇవాళ్టితో రద్దు చేస్తున్నాను! కంప్యూటర్ వచ్చాక ఇంకా భాషెందుకండీ? ‘బోల్డ్’ మీట ఉంది కదా!

వెనకటికి కథలో ఒక మనిషికి కోపం వచ్చిందని చెప్పడానికి రచయిత ఎంత యాతన పడేవాడు! ఆ మనిషి చేత గ్లాసు విసిరించాలి, లేదా అన్నం ముందు నుంచి లేపాలి. గ్లాసూ దండగ, అన్నమూ దండగ. ఇప్పుడు ‘కోపం’ అని రాసి, ఆ మాటను లావు చేస్తే సరిపోతుంది. మరీ పట్టరాని కోపమైతే ఎర్ర రంగు వేస్తాం!

ఇది 1999. మా సూర్యాపేటకు ఇంటర్నెట్ వచ్చేసింది. బస్టాండు వెనక సందులో హీరాలాల్ సెంటర్ తెరిచాడు. హైదరాబాదు నుంచి నడిచే ఒక వెబ్ పత్రికకు నేను సీరియల్ రాస్తున్నాను. నేను కాగితం మీద రాసిచ్చింది టైపు చేసి, పత్రికలోకి ఎక్కించేది హీరాలాలే.

అతను అంతకుముందు ఆటోకి మైకు కట్టుకుని కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా సినిమాల ప్రచారం చేసినవాడు. ఏ మాట దగ్గర గొంతు పెంచాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘నేడే’ అన్న మాట కనబడితే మాత్రం ఆగలేడు. ‘ముసలమ్మకు నేడే పంటినొప్పి తగ్గింది’ అని రాస్తే, ‘నేడే’ పక్కన అర డజను ఆశ్చర్యార్థకాలు గుచ్చి, పైన ‘తప్పక చూడండి’ అని కూడా వేయబోయాడు. నేనే ఆపాను.

నా కథానాయిక ఊర్మిళ ఒకచోట గట్టిగా అరుస్తుంది. హీరాలాల్ ఆ అరుపును ఎంత పెద్ద అక్షరాల్లో పెట్టాడంటే, తెరంతా ఒక్క అక్షరమే పట్టింది! మిగతా అరుపు కావాలంటే పక్కకు జరుపుకుంటూ పోవాలి. ఇంతకు ముందు ఏ నాయికైనా అంత పొడుగున అరిచిందా?

ఇక పరుగెత్తే మాటల సంగతి చెప్పాలా! కథానాయకుడు బస్సు కోసం పరుగెత్తాడని రాశాను. ‘పరుగెత్తాడు’ అన్న మాట తెర మీద కుడి నుంచి ఎడమకు నిజంగానే పరుగెత్తింది. మర్నాడే కోదాడ నుంచి ఒక పాఠకురాలి ఫోన్. “పొద్దుట్నించీ చూస్తానే ఉన్నానండీ, ఆ అబ్బాయి ఇంకా పరిగెడతానే ఉన్నాడు. బస్సు దొరికిందా లేదా అండీ?”

మిర్యాలగూడ రైసుమిల్లు గుమాస్తా జానయ్య అయితే లావు మాటలు మాత్రమే చదువుతాడు. చాయ్ చల్లారేలోపు నా సీరియల్ ఖతం! “కత మస్తుగున్నది సార్. గని నడుమ గా సన్నక్షరాలు ఎందుకు? జాగ దండుగ,” అన్నాడు. ఆలోచిస్తే నాకూ నిజమే అనిపించింది.

అన్నిటికంటే ఘనమైనది మినుకుమినుకుమనే మాట. వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. పెళ్లింటి సీరియల్ లైట్లు కథలోకే వచ్చేశాక పాఠకుడు ఎటు పారిపోతాడు?

ఇంతటి సౌకర్యాన్ని ఒకావిడ వద్దంది! చివ్వెంల దగ్గరి తండా నుంచి సెంటరుకు వచ్చే నీలా టీచర్. అది ఆమె మొదటి కథ. తన తండ్రి ఫకీరా గురించే రాసింది, కథలో పేరైనా మార్చలేదు. ఆయన పొద్దున్నే మఠంపల్లి వైపు సున్నపురాయి కొట్టడానికి వెళతాడు. బండ విరిగి మీద పడుతుంది. చివరి వాక్యం, ‘నాయిన మళ్లీ రాలేదు.’ అంతే! ఒక్క ఆశ్చర్యార్థకమైనా లేదు. ఇదేం పిసినారితనమండీ?

మెరుపు లేని కథ వేసుకోనన్నాడు పత్రిక సంపాదకుడు. తాను చెల్లె అని పిలిచే నీలా కథ ఆగిపోకూడదని హీరాలాల్ ఆమెకు చెప్పకుండానే ‘రాలేదు’ అన్న మాటను మినుకుమినుకుమనిపించాడు. కథ పడింది. మెచ్చుకోళ్లు కుప్పలుగా వచ్చాయి.

శనివారం బడి వదిలాక నీలా చూసుకోవడానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను, అభినందించడానికి గొంతు సవరించుకుంటూ. ఆమె కుర్చీ అంచున కూర్చుని తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

“ఎట్లున్నది చెల్లె? అందరు మస్తు అంటున్నరు,” అన్నాడు హీరాలాల్.

“తీసెయ్యన్నా.”

“గట్లంటవేంది? మెరుపు తీసేస్తె పత్రికాయన కతనే తీసేస్తడు.”

“తీస్తె తియ్యనియ్. గా మాట ఆరినప్పుడల్లా ‘నాయిన మళ్లీ’ అని గంతే మిగులుతున్నది. వస్తున్నడేమో అనిపిస్తున్నదన్నా. అంతల్నే గది మళ్ల ఎలుగుతది.”

హీరాలాల్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. మెరుపు తీసేశాడు. మర్నాటికి సంపాదకుడు కథనే తీసేశాడు. ఆ చోట ఇప్పుడు నా సీరియల్ కొత్త భాగం మిలమిలా మెరుస్తోంది.

కాబట్టి పాఠకులారా, నా వాదన నుంచి వెనక్కి తగ్గేది లేదు! మాటంటే మెరవాలి, ఉరకాలి, తెర చించుకుని బయటికి దూకాలి!

ఒక్క సంగతి మాత్రం ఉంది. సంపాదకుడు తీసేసే ముందే హీరాలాల్ నీలా కథను కాగితం మీద అచ్చు తీసి నా చేతిలో పెట్టాడు. కాగితం మీద ఏ మాటా ఆరదు, వెలగదు. ఇంటికి పోతూ దారిలో నిలబడి చదివాను. ‘నాయిన మళ్లీ రాలేదు’ దగ్గర నాకు ఏడుపొచ్చింది.

హీరాలాల్, నీకు దండం పెడతాను, ఇది టైపు చేసేటప్పుడు ఆ ‘ఏడుపొచ్చింది’ అన్న మాటను సన్నక్షరాల్లోనే ఉండనియ్యి.