తొందరగా ఒక తొట్టి

ఆ ఉదయం తోమెకిచి పెట్టుకున్న పని చిన్నదే. జింపాచి దగ్గరికి వెళ్ళి ఒక తొట్టి చేయమని చెప్పాలి. అది తయారయ్యాక టోఫు కొట్టు ఇసాబురో గుమ్మం ముందు దింపించాలి. దింపాక ఒక మాట అనాలి. ఆ మాట ఏమిటన్నదే ఇంకా తేలలేదు.

తొట్టి సంగతి అతని భార్య ఒషినా పొద్దున్న మిసో పులుసు వడ్డిస్తూ చెప్పింది.

"నిన్న రాత్రి వాళ్ళ నానబోసే తొట్టి పగిలిందట. టోఫుకి నానేసిన సోయా గింజలన్నీ నేలపాలు. అడుగు ఎప్పట్నించో కారుతోందట, ఎవరూ పట్టించుకోలేదట."

"ఎవరి తొట్టి?"

"ఎవరిదో. స్నానశాలలో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మనకి వాళ్ళతో మాటల్లేవు కదా."

పులుసులో టోఫు ముక్కలు తేలుతున్నాయి. అవి ఇసాబురో కొట్టువని తోమెకిచికి తెలుసు. ఒషినా పెరటి దారిన వెళ్ళి ఇసాబురో భార్య ఒనుయి దగ్గర కొంటుందని తెలుసు. తనకు తెలుసన్న సంగతి ఒషినాకూ తెలుసు. ఇన్నేళ్ళుగా ముగ్గురూ ఆ విషయం ఎత్తకుండా తిని, అమ్మి, వడ్డించి నెట్టుకొస్తున్నారు.

తగాదా రష్యాతో యుద్ధం ముగిసిన ఏటిది. ఆ ఏడు హమాజిరి రేవు దేవుడి పల్లకిని ఊరంతా కలిసి ఊగిస్తూ మోసింది. ముందు బొంగు కింద ఇసాబురో భుజం. కాళ్ళకి తోమెకిచి చేసిచ్చిన కొత్త చెక్కచెప్పులు. చేపల బజారు మలుపులో కుడి చెప్పు వారు తెగింది. ఇసాబురో బోర్లా పడ్డాడు, పల్లకి ఒరిగింది. అందరికంటే ముందు నవ్వింది తోమెకిచి. ఇసాబురో మట్టి దులుపుకుని లేచి, "వీడి చెప్పులూ వీడి స్నేహమూ ఒకే దారంతో కుట్టినవి" అని ఊరందరి ముందూ అన్నాడు. చిన్నప్పుడు ఒకే పడవ కింద దాక్కుని ఎండుచేపలు దొంగిలించి తిన్న ఇద్దరు మనుషులు ఆ రోజు నుంచి ఒకే వీధిలో రెండు వేర్వేరు పక్కల నడిచారు.

ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తోమెకిచి చాలాసార్లు వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు. వారు తెగిన చప్పుడు వినగానే కడుపులో పుట్టింది భయం. అది నోటి దాకా వచ్చేసరికి నవ్వయింది. మధ్య దారిలో ఏం జరిగిందో అతనికి అంతు చిక్కలేదు.

జింపాచి అప్పటికే చిత్రిక పడుతున్నాడు. కొట్టు నిండా దేవదారు పొట్టు.

"జింపాచి అన్నా, తొందరగా ఒక తొట్టి కావాలి" అన్నాడు తోమెకిచి.

జింపాచి చేతిలో చిత్రిక ఆగింది. తలకు కట్టుకున్న గుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరికి?"

"మన ఇసాబురోకి."

"ఎప్పుడు జరిగింది?"

"నిన్న రాత్రట. అడుగు ఎప్పట్నించో కారుతోందట. ఎవరూ పట్టించుకోలేదు."

"అయ్యో. మొన్న స్నానశాలలో బాగానే ఉన్నాడే. అయినా పైకి చెప్పుకునే మనిషి కాదులే."

"అదే కదా నా బాధ. కొలతలు నీకు తెలుసుగా?"

"తెలీకేం. ఏళ్ళ తరబడి ఒకే నీళ్ళలో స్నానం చేసినవాళ్ళం."

ఇందులో స్నానం ఎందుకొచ్చిందో తోమెకిచికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. "ఒక్కటే మాట అన్నా. నేను చెప్పానని ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా వాళ్ళింట్లో."

జింపాచి అతన్ని కొత్తగా చూశాడు. "మాటల్లేకపోయినా నువ్వు చేయాల్సింది చేస్తున్నావు తోమె. నా నోట్లోంచి రాదు. ఇవ్వాళే అయిపోతుంది."

వారం పడుతుందనుకున్న పని ఇవాళే అయిపోతుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. హమాజిరిలో పోయినవాళ్ళను మోకాళ్ళు ముడిచి తొట్టిలోనే కూర్చోబెట్టి సాగనంపుతారు. స్నానపు తొట్టి, ఊరగాయ తొట్టి, ఆ తొట్టి, మూడూ చేసేది జింపాచే. చావు మాట పైకి అనడం ఇష్టం లేక ఇంటివాళ్ళు వచ్చి "తొందరగా ఒక తొట్టి" అంటారు. ఇంకేమీ అనరు. ఇది రేవులో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు, తోమెకిచికీ తెలుసు. కానీ ఆ ఉదయం అతని చెవుల్లో మోగుతున్నది ఇసాబురోతో అనబోయే మాట. తను అంటున్న మాట అతనికి వినపడలేదు.

తర్వాత జరిగింది తోమెకిచి ఆనక ముక్కలు ముక్కలుగా పోగుచేసుకున్నది. జింపాచి నిజంగానే ఎవరికీ చెప్పలేదు. చేతిలో పనులన్నీ పక్కకు నెట్టి, తెల్లటి కొత్త పలకలు ముందేసుకుని, వెదురు కట్టును ఎడమవైపుకి మెలిపెట్టాడు. చావు పనుల్లో అన్నీ తిరగేసి చేయాలి. మామూలు తొట్టికి కట్టు కుడికి తిరుగుతుంది. ఎదురు కొట్టులో కాగితం లాంతర్లు అతికించే ముసలావిడ ఒతోకు ఆ మెలిక చూసి జిగురు గిన్నె కింద పెట్టింది.

"ఎవరింటికి జింపాచీ?"

"చెప్పకూడదు అక్కా."

"ఆడా, మగా?"

"చెప్పకూడదన్నానుగా."

"పోనీ ఏం జబ్బో చెప్పు. జబ్బుకి పేరుండదుగా."

"కింద ఎప్పట్నించో కారుతోందట. ఎవరూ పట్టించుకోలేదట. ఇంక మనిషెవరని మాత్రం అడక్కు." జింపాచి తలగుడ్డతో కళ్ళు ఒత్తుకుని, వీధి చివర టోఫు కొట్టు వైపు ఒక్కసారి చూశాడు. మాట బయటపెట్టనని ప్రమాణం చేశాడు గానీ, చూపు గురించి ఎవరికీ ఏ ప్రమాణమూ చేయలేదు.

టోఫు కొట్టు తలుపులు మూసి ఉన్నాయి. టోఫు అమ్ముతూ రోజూ ఊదే ఇసాబురో బాకా ఆ ఉదయం వీధిలో వినపడలేదు. ఒతోకు వెంటనే చావు లాంతర్లకి తెల్ల కాగితం తీసింది.

మధ్యాహ్నానికి వీధి వీధంతా పనిలో పడింది. గుడి పూజారికి కబురు వెళ్ళింది. ఎవరో బియ్యం కడిగారు. నీచు లేని చావు భోజనానికి టోఫు కావాలన్నప్పుడు మాత్రం చిక్కొచ్చింది.

"టోఫు ఎక్కడ తేవడం? చావేమో టోఫు కొట్టులోనాయె" అన్నాడొకడు.

"తన దినానికి తనే సరుకిచ్చి పోవలసింది. అంత ముందుచూపు లేదు పాపం" అన్నాడు ఇంకొకడు.

తోమెకిచి తన కొట్టులో చెప్పులకు వార్లు ఎక్కిస్తూ మాట కోసం తంటాలు పడుతున్నాడు. 'ఇదిగో తొట్టి' అంటే పెంకెగా ఉంటుంది. 'నీ తొట్టి పగిలిందట' అంటే ఎత్తిపొడిచినట్టు ఉంటుంది. 'ఆ రోజు నేను నవ్వాను' అని మొదలుపెడితే, తర్వాత ఏముందో అతనికే తెలియదు.

ఒతోకు గుమ్మంలో నిలబడింది.

"చేతిలో పని కింద పెట్టు నాయనా. మన ఇసాబురో పోయాడు."

తోమెకిచి వారును చివరిదాకా లాగి ముడి వేశాడు. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. "ఎలా?" అన్నాడు.

"నిన్న రాత్రట. కింద ఎప్పట్నించో కారుతోందట. ఎవరూ పట్టించుకోలేదట."

ఆ మాటలు పొద్దున్న తన నోటి నుంచి వెళ్ళినవేనని అతనికి తట్టలేదు. 'ఎవరూ' అన్నదాంట్లో తానూ ఉన్నానని మాత్రం తట్టింది.

లోపల ఒషినా కూలబడింది. "నిన్న రాత్రి స్నానశాలలో ఒనుయి ఒకటే ఏడుపండీ. గింజల కోసం ఏడుస్తోందనుకున్నాను."

పెట్టెలోంచి మంచి కోటు తీసి భర్త భుజాల మీద వేసింది. అగరువత్తుల కట్ట చేతిలో పెట్టింది. ఇప్పుడిక మాట వెతుక్కోనక్కర్లేదన్న ఆలోచన తోమెకిచికి ఒక్క క్షణం తేలికగా తోచింది. మరుక్షణమే ఆ తేలికను చూసుకుని సిగ్గుపడ్డాడు.

టోఫు కొట్టు ముందు జనం తెల్ల లాంతర్లు, అగరువత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ లోపలికి వెళ్ళలేదు. ఇంటివాళ్ళు పిలవకుండా ఎలా వెళ్ళాలో తెలియక అప్పటికే చాలాసేపటి నుంచి ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"నువ్వెళ్ళు తోమె. అందరికంటే పాతవాడివి నువ్వే" అంది ఒతోకు.

"మాకు మాటల్లేవు."

"ఇప్పుడు వాడేం మాట్లాడతాడులే. వెళ్ళు."

పక్క తలుపు తోసుకుని వెళ్ళాడు. లోపల మసక. పగిలిన తొట్టి పలకలు గోడకి ఆనించి ఉన్నాయి. అవతల ఇరుకు గదిలో చాప మీద ఇసాబురో, పోయినవాళ్ళని పడుకోబెట్టే తీరునే, తల ఉత్తరానికి పెట్టి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖం మీద తెల్లగుడ్డ.

తోమెకిచి మోకాళ్ళ మీద కూర్చుని అగరువత్తులు పక్కన పెట్టాడు. ముఖం చూసే ధైర్యం లేక చాప అల్లిక వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఇసా, ఆ రోజు నవ్వాను చూడు, అది నీ మీద కాదురా. వారు తెగింది నా చేతిది కదా. అందరూ నావైపు తిరుగుతారని భయమేసింది. నేనే నవ్వితే అదేదో చిన్న సంగతి అనుకుంటారని నవ్వాను. నువ్వు మట్టిలో పడున్నావు, నేనేమో నా కొట్టు పేరు కాపాడుకుంటున్నాను. అప్పుడే వచ్చి చెయ్యి అందించి ఉంటే అయిపోయేది. మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాడు నువ్వు అవతల పక్కన నడిచావు. ఆ తర్వాత అలవాటైపోయింది."

అగరువత్తుల కట్టను చాప అంచుకి సరిగ్గా జరిపాడు.

"ఇన్నేళ్ళూ మా ఇంట్లో నీ టోఫునే తిన్నాను. ఆడవాళ్ళకి తెలుసు. నీకూ తెలుసేమో. ముక్క మాత్రం ఎప్పుడూ పెద్దదే వచ్చేది. వదిన కోసింది అనుకునేవాణ్ణి. నువ్వే కోసేవాడివేమోరా."

గుడ్డ కింద నుంచి ఎవరో "తోమె" అన్నారు.

ఇసాబురో గుడ్డ తీశాడు. అది తడిగుడ్డ. అతని కళ్ళూ తడిగా ఉన్నాయి, ఏ తడి ఎక్కడిదో చెప్పడం కష్టం. వాళ్ళావిడ తమ్ముడి దగ్గర తొట్టి అడగడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ తొలి పడవలో పక్క రేవుకి వెళ్ళారు. తొట్టి దొరకలేదు సరికదా, ఎండలో తల పగిలిపోతోంది, నడుం పట్టేసింది. రేవు నుంచి పెరటి దారిన ఇంటికొచ్చి పడుకున్నాడు. ఒనుయి పట్టీ మందు కోసం అదే దారిన వెళ్ళింది. ఆ గదిలో తల ఇంకే దిక్కుకీ పట్టదు.

తోమెకిచి కన్నీళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. పొద్దుటి నుంచి వెతుక్కున్న మాటలన్నీ చచ్చినవాడి దగ్గర అయిపోయాయి. బతికున్నవాడికి ఒక్కటే మిగిలింది.

"నువ్వు చచ్చిపోలేదా?"

సంతోషం ఉండాల్సిన చోట ఫిర్యాదు వినపడింది. బయట జనం కూడా విన్నారు.

"లేదు. నడుం పట్టేసింది."

"ఎప్పట్నించి వింటున్నావు?"

"మొదట్నించీ."

"మరి చెప్పొద్దూ?"

"చెప్తే ఆపేస్తావని."

తోమెకిచి మొదటిసారి ముఖమెత్తి చూశాడు. ఇసాబురో మోచేతి మీద లేవబోయి, నడుం సహకరించక, చెయ్యి చాచాడు. లేపమనో, మరి దేనికో. తోమెకిచి చెయ్యి కూడా కదిలింది. సరిగ్గా అప్పుడే తలుపు బార్లా తెరుచుకుంది. జింపాచి భుజం మీద కొత్త తొట్టితో రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"తోమె, నువ్వు చెప్పినట్టే తొందరగా చేసేశాను. నీ పేరు ఒక్కడికి కూడా..."

చాప మీద సగం లేచిన ఇసాబురోను చూసి తొట్టి వదిలేశాడు. అది దొర్లుకుంటూ వచ్చి ఇసాబురో పక్కన ఆగింది. ఎడమ మెలిక కట్టు అందరికీ కనపడేలా పైకి తిరిగింది.

"ఇది ఎవరు చేయమన్నారు?" అన్నాడు ఇసాబురో.

"చెప్పకూడదు" అని జింపాచి తోమెకిచి వైపు చూశాడు.

"అది గింజలు నానబోసుకోవడానికి" అన్నాడు తోమెకిచి.

"ఎడమ కట్టు తొట్టిలోనా?"

"నేను అట్లా చెప్పలేదు. తొందరగా ఒక తొట్టి అన్నాను, అంతే..." అనేసరికి తనన్నది తనకు మొదటిసారి వినపడింది.

గుమ్మంలోంచి ఒతోకు లోపలికి తొంగిచూసింది. "పోనీలే ఇసాబురో, ఎలాగూ తెచ్చారు. సరిపోతుందో లేదో ఒకసారి కూర్చుని చూడరాదూ?"

వీధంతా ఒక్కసారిగా నవ్వింది. తోమెకిచి కడుపులో ఆ పాత భయమే కదిలింది. అది నోటి దాకా వస్తే ఏమవుతుందో తెలిసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నవ్వు ఆపుకోలేక నోరు మూసుకున్న మనిషి కూడా అచ్చం అలాగే ఉంటాడు. ఇసాబురో చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, తడిగుడ్డ మళ్ళీ ముఖం మీద వేసుకున్నాడు.

మర్నాడు ఒనుయి ఇంటింటికీ తిరిగి, జనం గుమ్మంలో వదిలిపోయిన అగరువత్తులన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేసింది. ఆఖరున ఒషినా పెరటికి ఉత్త చేతులతో వచ్చింది. తోమెకిచి తలుపు వెనక నుంచి విన్నాడు.

"అందరివీ ఇచ్చేశాను వదినా. మీ కట్ట మాత్రం ఆయన ఇవ్వనన్నారు."

"ఎందుకట?"

"దాచమన్నారు. అవసరం పడుతుందట."

"ఎవరికి?"

"అదే అడిగాను. అటు తిరిగి పడుకున్నారు."

ఆ రోజంతా తోమెకిచి ఒక్క వారు కూడా ఎక్కించలేదు. తోమెకిచి చావుకి అతని అగరువత్తులే వెలిగించాలని ఇసాబురో పగ పట్టాడా? లేక తను పోయినప్పుడు పక్కన తోమె తెచ్చినవే వెలగాలని కోరుకున్నాడా? ఒకసారి మొదటిది నిజమనిపించేది, ఒకసారి రెండోది. నాలుగిళ్ళ అవతలికి వెళ్ళి అడిగితే ఒక్క మాటలో తేలిపోయే విషయమే. కానీ అడగాలంటే ఇద్దరికీ మాటలుండాలి.