కొలత దిమ్మె

"జర ఇనుండ్రి," అని పోశాలు డప్పు మీద దెబ్బ వేశాడు. "పట్నంల పెద్ద సదువు సదివిన ఇంజనీరు హన్మంత్‌రావు దొర ఇయ్యాల్టి సంది మన ఇలాఖాకు స్పెషలాఫీసర్. సర్కారు రోడ్డు తవ్వినోనికి జైలు. డోర్నకల్‌ల రైలెక్కిచ్చి దూరం పంపుతరట."

నర్సింహులపేట అవతల ఉన్న ఆ ఊరు శ్రద్ధగా విన్నది. నిజాం రాజ్యం పోయి ఏడాదైనా కమ్యూనిస్టుల సంఘం పోరాటం ఆగలేదు. ఇళ్లు సోదా చేయడానికి పోలీసు లారీలు వస్తాయి. లారీలు రాకుండా జనం రోడ్డు తవ్వుతారు. అందరికంటే శ్రద్ధగా విన్నది భూదేవి. ఆమె మొగుడు గట్టయ్య ఊళ్లో మట్టిపని చేసే ఒకే ఒక్క వడ్డెర.

హన్మంత్‌రావు మామూలు ఇంజనీరు కాడు. మానుకోట దగ్గర ఆయన వంతెన కడితే, తొలి వానకే వాగు పక్కకు జరిగి పారింది. వంతెనకు చుక్క నీరు తగలనివ్వలేదని ఆయనకు ప్రమోషన్ వచ్చింది. జనగామ దిక్కు ఆయన పోసిన చెరువుకట్ట తెగి ఊళ్లు మునిగితే, నీళ్లు ఇంటింటికీ అందించామని రాసి పంపాడు. అంతటి మనిషిని ఇంకా రోడ్ల మీదే ఉంచడం బాగుండదని సర్కారు ఆయన్ని ఆఫీసర్ని చేసింది.

చాటింపు వేసిన వారంలోనే రోడ్డు మీద వరుసగా గుంతలు పడ్డాయి. పోలీసులు ఎవరిని పట్టుకోవాలో తెలియక తలలు గోక్కుంటుంటే, హన్మంత్‌రావు స్వయంగా గుంతలోకి దిగాడు. అంచులు గోడ కట్టినట్టు నిటారుగా ఉన్నాయి. మధ్యలో ఒక మట్టి దిమ్మె నిలబడి ఉంది. ఎంత లోతు తవ్వారో కొలవడానికి వడ్డెరలు వదిలే దిమ్మె అది. సాయంత్రానికి గట్టయ్య పోలీసు క్యాంపులో ఉన్నాడు.

భూదేవి క్యాంపు కంచె దగ్గర నిలబడి నెత్తి కొట్టుకుంది.

"దొంగతనంగ తవ్వే గుంతకు కొలత దిమ్మె ఎందుకయ్యా? ఎవడొచ్చి కొలుస్తడని?"

"ఏమోనే. చేతులు ఊకోలే," అన్నాడు గట్టయ్య.

ఎల్లుండి రైలెక్కిస్తారని జవాను చెప్పాడు. ఎక్కించిన వాళ్లెవరూ తిరిగి దిగినట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు.

మర్నాడే పట్నం నుంచి పెద్దాఫీసర్ తనిఖీకి వచ్చాడు. రోడ్డు పని జోరుగా నడుస్తోందని హన్మంత్‌రావు వచ్చిన రోజే రాసి పంపాడు. కారు మొదటి గుంత ముందు ఆగింది. భూదేవి వాళ్ల కాళ్ల మీద పడదామని అక్కడే కాచుకుని ఉంది.

"ఏమిటండీ ఇది?" అన్నాడు పెద్దాఫీసర్.

హన్మంత్‌రావు గుంత వైపు చూశాడు. దిమ్మె వైపు చూశాడు. మహానుభావులకు ఊహ అప్పుడే వస్తుంది.

"కల్వర్టు సార్. ఫౌండేషన్ స్టేజీ. ఇలాంటివి చాలా ఉన్నాయి."

"తిరుగుబాటుదార్లు తవ్వారని విన్నానే?"

"వాళ్లయితే కొలతకు దిమ్మె వదులుతారా సార్?"

పెద్దాఫీసర్ చాలా సంతోషించాడు. ఇంత నిటారు అంచులు తాను ఎక్కడా చూడలేదన్నాడు. కాళ్ల మీద పడబోయిన భూదేవి మధ్యలోనే ఆగి, కొంగు సర్దుకుని నిలబడింది.

"దొరా, గీ కల్వట్లు తవ్వినోడు నా పెనిమిటే. క్యాంపుల కూసుండవెట్టిన్రు. మిగిలిన పని ఎవలు జేస్తరు?"

పని నడుస్తుండగా మేస్త్రీని కూర్చోబెట్టిందెవరని పెద్దాఫీసర్ కోప్పడ్డాడు. హన్మంత్‌రావు ఆయనకంటే ఎక్కువ కోప్పడ్డాడు. మధ్యాహ్నానికి గట్టయ్య సర్కారీ మేస్త్రీ అయి, పారతో సహా ఇంటికి వచ్చాడు. సర్కారు కల్వర్టు పూడ్చినవాడికి జైలని పోశాలు మళ్లీ డప్పు కొట్టాడు. పోలీసు లారీలు అటు రావడం మానేశాయి.

హన్మంత్‌రావుకు భూపాలపల్లి అడవుల్లో ఇంకా పెద్ద ఉద్యోగం ఇచ్చారు. అక్కడ రోడ్డు లేదు. రోడ్డు మెల్లగా వేసుకోవచ్చు, ముందు కల్వర్టులు చూపించాలి. అవి తవ్వడానికి గట్టయ్యను వెంట తీసుకుపోదామని ఆయనే జీపులో వచ్చాడు. జీపు గుంత అవతల ఆగింది.

"ఈ గుంత పూడ్చండి. జీపు ఊళ్లోకి రావాలి," అని ఆయన అరిచాడు.

ఇవతలి ఒడ్డున భూదేవి చేతులు కట్టుకుని నిలబడింది.

"పూడిస్తే జైలంటిరి గద దొరా."

హన్మంత్‌రావు తల ఊపాడు. చట్టం చట్టమేనన్నాడు. జీపు వెనక్కి తిరిగింది.

నెల తిరగకముందే పోశాలు మళ్లీ డప్పు తీశాడు.

"జర ఇనుండ్రి. మనూరి కల్వట్టు ఎంత గట్టిదో దొర సొంతంగ పరీక్ష జేసిండట. సర్కారు జీపు గూడ దాటలేకపొయ్యిందట. గందుకే హన్మంత్‌రావు దొర ఇప్పుడు చీఫ్ ఇంజనీరు."

రోడ్డు మీద గట్టయ్య వానకు కరిగిన దిమ్మెకు తడిమన్ను మెత్తుతున్నాడు.