ఎరచ్ మామయ్య పట్టని ఫైలు

ఆ ఆదివారం పొద్దున బర్జోర్ వేసుకున్న పథకంలో కష్టమేమీ లేదు. పాత వీడియో టేపు ఒకటి కంప్యూటర్లోకి ఎక్కించాలి. మధ్యాహ్నం భోంచేసి కాసేపు కునుకు తీయాలి. రాత్రికి ఎదురు బిల్డింగులో ఉండే తెహ్మీ అత్త ఎనభయ్యో పుట్టినరోజు విందులో దాన్ని చుట్టాలందరికీ చూపించి శభాష్ అనిపించుకోవాలి. తెహ్మీ అత్త బర్జోర్ వాళ్ళ నాన్నకు స్వయానా చెల్లెలు. టేపులో ఉన్నది ఆమె భర్త, కాలం చేసిన ఎరచ్ మామయ్య.

పదహారేళ్ళ కిందట వాళ్ళుండే పార్సీల కాలనీ మంచేర్జీ బాగ్ వాళ్ళంతా కలిసి తమ హాల్లో నాటకం వేస్తే ఎరచ్ మామయ్య వకీలు వేషం కట్టాడు. చివరి అంకంలో కోర్టులో లేచి వాదించి కేసు గెలిచే వేషం. బర్జోర్ అప్పట్లో జంషెడ్‌పూర్లో ఉద్యోగం చేస్తూ ఆ భాగ్యానికి నోచుకోలేదు. నాటకాన్ని కెమెరాతో తీసింది వాళ్ళ నాన్న. తీసిన టేపును బీరువాలో కలరా ఉండల మధ్య పెట్టి తాళం వేసి, తను పోయేదాకా ఒక్కరికీ చూపించలేదు. ఆయన పోయాక బీరువాతోపాటు టేపూ బర్జోర్‌కు వచ్చింది. బొంబాయి వానలు తాళానికి జడిసేవి కావు కనుక అప్పటికే దానికి తెల్లగా బూజు పట్టి ఉంది.

అత్త మాత్రం ఏటా అడుగుతూనే ఉండేది, "ఆ టేపు ఎక్కడుంది నాన్నా, భద్రంగా ఉందా?" అని. బర్జోర్ ఏటా "భద్రంగా ఉందత్తా" అంటూనే ఉండేవాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న ముసలామె, ఆయన నడుస్తూ మాట్లాడుతూ ఉంటే ఇంకొక్కసారి చూసుకోవాలని ఆశపడుతోంది. ఆ ఆశకు బూజు పట్టిందని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు?

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళే ప్రశ్నే లేదు. ఆ బాగ్‌లో మగవాడు తన వస్తువును పరాయి చేతికిచ్చి బాగుచేయించుకుంటే పిల్లనివ్వరు. బర్జోరే మరలు విప్పి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచి, బిగించాడు. ఒక్కసారి ఆడుతుంది, రెండోసారికి హామీ లేదని తేల్చుకున్నాడు.

స్నానానికి లేస్తుండగా అత్తే ఫోన్ చేసింది.

"రాత్రికి ఏదో చూపిస్తావట?"

"మామయ్య నాటకం అత్తా! ఒక్క క్షణం కూడా వదలకుండా చూపిస్తాను."

"ఒక్క క్షణం కూడానా?"

"చూస్తావుగా!"

"అంత శ్రమ ఎందుకు నాన్నా. ఆ టేపు నాకిచ్చెయ్యరాదూ."

"భలేదానివే! సూరత్‌నుంచి, నవ్‌సారీనుంచి, పూనానుంచి ముప్ఫైమంది దిగుతుంటే!"

అత్త ఫోన్ పెట్టేసింది. ఆనందం పట్టలేకపోయిందనుకుని బర్జోర్ కళ్ళు తుడుచుకున్నాడు.

టేపు ఆడించి, కంప్యూటర్లో ఎర్ర బొత్తాం నొక్కి, అతను స్నానానికి వెళ్ళాడు. మీసం కత్తిరించుకోవడం సగంలో ఉండగా భార్య శిల్లూ తలుపు కొట్టింది.

"బర్జోర్, నీ కంప్యూటర్ ఏదో అంటోంది."

"ఏమంటోంది?"

"ఇంక నావల్ల కాదంటోంది."

సగం మీసంతోనే పరిగెత్తాడు. ఫైలు నిండింది, అందుకని ఆపేశానని తెరమీద రాసి ఉంది. పద్దెనిమిది నిమిషాలకే నిండిందట! పక్కన టేపు మాత్రం తన మానాన తను ఆడుతోంది. బర్జోర్ గభాలున దాన్ని ఆపి, కొంచెం వెనక్కి తిప్పబోయాడు. లోపల్నుంచి కీచుమని అరుపు వినిపించి, ముగ్గుపిండిలా తెల్లటి పొడి బల్లమీద రాలింది. ఇంక దీన్ని వెనక్కి తిప్పడానికి లేదు. మళ్ళీ మొదలుపెడితే ఆఖరిదాకా ఆపడానికీ లేదు.

మూడంతస్తుల కింద ఉండే నౌషీర్‌ను కేకేశాడు. నౌషీర్ విమానాల ఇంజన్లు బాగుచేసి రిటైరై, రెండేళ్ళ కిందటే ఈ బాగ్‌కు వచ్చినవాడు. వస్తూనే కళ్ళద్దాలు పైకి తోసి తెరవంక చూశాడు.

"డిస్కు ముప్పాతిక వంతు ఖాళీగా ఉందయ్యా!" అన్నాడు బర్జోర్.

"గోదాము ఖాళీగా ఉంటే ఏం లాభం? ఒక్కో బస్తాలో ఇంతే పొయ్యాలని దాని రూలు. నాలుగు గిగాబైట్లు దాటితే మూతి కట్టేస్తుంది."

"బొమ్మ సైజు తగ్గిస్తే?"

"తగ్గించొచ్చు. మీ మామయ్య ఈగంత కనిపిస్తాడు."

"అత్తకు అసలే శుక్లాలు. ఇంకేదైనా చెప్పు."

"డిస్కు మొత్తం తుడిచేసి కొత్త పద్ధతిలో సర్దామనుకో, ఎంత పెద్ద ఫైలైనా పడుతుంది."

గుమ్మంలో నిలబడ్డ శిల్లూ చేతిలో గరిటె ఉంది. "నాలుగేళ్ళనుంచి కూర్చుని మా అమ్మ వంటలన్నీ అందులో టైపు చేశాను. తుడిచారంటే రేపట్నుంచి ఇద్దరూ హోటల్లో మెక్కండి."

విమానం ఇంజనుకు జంకని నౌషీర్ గరిటెకు జంకాడు. బల్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఆఖరికి చిటికె వేశాడు.

"టేపు ఒకటి, కంప్యూటర్లు రెండు! ఒక్కటే అయితే ఫైలు మార్చేలోపు కొంత నాటకం పోతుంది. నాది కూడా పైకి తెద్దాం. ఒకటి నిండకముందే రెండోది మొదలెడుతుంది. అది నిండేలోపు మొదటిది మళ్ళీ కొత్త ఫైలు అందుకుంటుంది. టేపు ఆపక్కర్లేదు, బస్తాల గొడవే లేదు."

బర్జోర్ అతన్ని కావలించుకున్నాడు. ఇంత పెద్ద యంత్రాన్ని ఇద్దరూ మూడంతస్తులు మోశారు. తీగ చీల్చి రెండు కంప్యూటర్లకూ తగిలించారు. ఒకటి పనిచేస్తే రెండోది మొరాయించింది, రెండోదాన్ని బుజ్జగిస్తే మొదటిది అలిగింది. ధన్‌సాక్ చావు తరవాత వండే వంటకం, పుట్టినరోజు పూట వండరు కనుక శిల్లూ పప్పు, అన్నం, పత్యో అనే చేపల పులుసు చేసింది. అవి బల్లమీద చల్లారిపోయాయి. కునుకు ఊసే లేదు. అన్నీ కుదిరి టేపు మళ్ళీ ఆడేసరికి ఎండ వాలిపోయింది.

మొదటి అంకంలో కొంత పోతే పోయింది, మామయ్య వచ్చేది చివర్లోనే కదా అని బర్జోర్ గుండె చిక్కబట్టుకున్నాడు.

"పట్టాను" అన్నాడు బర్జోర్.

"వదిలాను" అన్నాడు నౌషీర్.

కాసేపటికి నౌషీర్ పట్టాడు, బర్జోర్ వదిలాడు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. టేపు నడుమనడుమ మూలుగుతోంది.

మూడోసారి అందుకునే వేళకు శిల్లూ తలుపు సందులోంచి గుసగుసలాడింది. "అత్త ఫోన్లో ఉంది. టేపు ఇంకా తెగలేదా అని అడుగుతోంది."

"తెగలేదని చెప్పు!"

"చెప్పాను. మళ్ళీ సరిగ్గా చూడమంటోంది."

"పాపం, ఎంత బెంగ పడుతోందో! తెగదని ఒట్టేసి చెప్పు."

ఈ సంభాషణలో పడి బొత్తాం మీద వేలు పెట్టడం రవ్వంత ఆలస్యమైంది. నౌషీర్ "పట్టూ!" అని పొలికేక పెట్టకపోతే కొంప మునిగేదే. బర్జోర్ భార్యమీద విరుచుకుపడ్డాడు.

"ఇంక ఈ గదిలో నీ గొంతు వినిపించిందంటే ఊరుకోను!"

"నాకేం పట్టింది? నోరు కుట్టేసుకుంటా" అని శిల్లూ తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

పొద్దు గుంకింది. తెరమీద చివరి అంకం మొదలైంది. నల్లకోటు తొడుక్కుని ఎరచ్ మామయ్య బోనుకు ఎదురుగా లేచి నిలబడ్డాడు. బర్జోర్‌కు ఒళ్ళు గగుర్పొడిచింది. అదే నిలువెత్తు మనిషి, అవే గుబురు కనుబొమ్మలు. మామయ్య గొంతు సవరించుకుని, "న్యాయమూర్తిగారూ!" అన్నాడు. నౌషీర్ ఫైలు అంచుదాకా వచ్చేసింది. బర్జోర్ వేలు బొత్తానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.

సరిగ్గా అప్పుడు వీపువెనక సాంబ్రాణి వాసన వచ్చింది.

పెళ్ళైన నాటినుంచి శిల్లూ ఏనాడూ సంధ్యవేళ ధూపం మానలేదు. తలకు రుమాలు కట్టుకుని, వెండిపాత్రలో నిప్పులమీద చందనం, లోబాన్ అనే సాంబ్రాణి వేసి గదిగదికీ తిప్పుతుంది. రోజూ అయితే ప్రార్థన పైకి చదువుతూ వస్తుంది, ఆమె వస్తోందని నాలుగిళ్ళకు తెలుస్తుంది. ఇవాళ నోరెత్తొద్దని మొగుడు ఆజ్ఞాపించాడు గనుక పిల్లిలా వచ్చి నిలబడింది.

లోబాన్ ముందుకు వచ్చాక పని ఉందనే పార్సీవాడు ఆ బాగ్‌లో పుట్టలేదు. బర్జోర్ రెండు చేతులూ చాచి పొగను దోసిట పట్టి మొహానికి అద్దుకుని, కళ్ళు మూసుకుని తల వంచాడు. పక్కన నౌషీరూ ప్రార్థనకు అడ్డం రాకుండా స్పీకరు గొంతు నొక్కేసి ఆ పనే చేశాడు. పెదాలు కదుపుతూ ఇద్దరూ ప్రార్థన పూర్తిచేశారు, మధ్యలో వదిలేస్తే దోషం. శిల్లూ మీద అరిచిన పాపం గుర్తొచ్చి బర్జోర్ ఇంకొకటి అదనంగా చదివాడు. కళ్ళు తెరిచేసరికి గదినిండా పొగ కమ్మి కంప్యూటర్లు కనిపించలేదు. ఇద్దరూ దగ్గుతూ, తువ్వాళ్ళతో విసురుతూ బల్ల వెతుక్కున్నారు.

"పట్టావా?" అన్నాడు నౌషీర్.

"నువ్వు వదల్లేదుగా?"

"అది నిండి దానంతట అదే ఎప్పుడో ఆగిపోయింది. నువ్వు చూస్తున్నావనుకున్నా."

"నువ్వు చూస్తున్నావని నేననుకున్నా!"

బర్జోర్ బొత్తాన్ని గుద్దాడు. అప్పటికి తెరమీద వాదన అయిపోయింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. మామయ్య తలవంచి నమస్కరిస్తున్నాడు. తెర పడింది. పడీ పడగానే టేపు ఆఖరిసారి కీచుమని, యంత్రం లోపల పేగుల్లా చుట్టుకుని తెగిపోయింది.

బర్జోర్ నేలమీద చతికిలబడి నిజంగానే ఏడ్చాడు. ఏ మాటల కోసం ఇంత తపన పడ్డాడో ఆ మాటలే పోయాయి. శిల్లూ పక్కన కూర్చుని వీపు నిమిరింది, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆజ్ఞ ఇంకా రద్దు కాలేదు మరి.

నౌషీర్ ముక్కలన్నీ ఒక కంప్యూటర్లోకి చేర్చి వరసగా అతికించాడు. రాత్రి అత్త ఇంట్లో గుమ్మాలకు పూలదండలు, వాకిట్లో ముగ్గులు, బల్లమీద సేమ్యా, పెరుగు. నిజం చెప్పేద్దామని బర్జోర్ మూడుసార్లు అత్త దగ్గరికి వెళ్ళి మూడుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చాడు. అత్త మొహంలోనూ నెత్తురుచుక్క లేదు.

"కరెంటు పోయే సూచనలేమైనా ఉన్నాయా నాన్నా?" అంది మెల్లగా.

"లేవత్తా, నిశ్చింతగా ఉండు."

నాటకం మొదలైంది. చుట్టాలు చేపలు నములుతూ చూస్తున్నారు. వాళ్ళెవరూ ఆనాడు హాల్లో ఉన్నవాళ్ళు కారు. చివరి అంకం వచ్చింది. అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బర్జోర్ గోడవైపు తిరిగాడు. మామయ్య లేచి, "న్యాయమూర్తిగారూ!" అన్నాడు. అన్నాడో లేదో, హాలు హాలంతా లేచి చప్పట్లు.

సూరత్ నుంచి వచ్చిన పెద్దాయన ప్లేటు కింద పెట్టి, "అదీ వకీలంటే! ఒక్క మాటతో కేసు గెలిచాడు!" అని తనూ చప్పట్లు కొట్టాడు. ముప్ఫైమందీ అందుకున్నారు.

అత్త బర్జోర్ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది. అతను కాళ్ళమీద పడబోయేలోగా అతని బుగ్గలు తడిమి, కణతల దగ్గర మెటికలు విరిచింది.

"ఎంత తెలివిగా కోశావురా! ఆ రోజు మీ మామయ్యకు అక్కణ్ణుంచి ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. తెరవెనకనుంచి అందించేవాడు గొంతు చించుకుని అరిచాడు. వాడు ఒక్కో వాక్యం అందిస్తుంటే మీ మామయ్యకంటే ముందు హాలు అప్పజెప్పింది. ఆఖర్న జనం లేచి చప్పట్లు కొట్టింది ఆ అందించినవాడికి. ఆయన బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ హాలు ముందునుంచి నడవలేదు, చుట్టుదారినే వెళ్ళేవాడు. ఎవరికీ చూపించనని మీ నాన్న నాకు మాటిచ్చాడు. నువ్వేమో ఏటా భద్రంగా ఉంది, భద్రంగా ఉంది అని నాకు నిద్ర లేకుండా చేశావు. ఇవాళ ఆయనకు చప్పట్లు కొట్టారు నాన్నా. నిజంగా ఆయనకే కొట్టారు."

బర్జోర్ ఏదో చెప్పబోయాడు. గుమ్మంలోంచి నౌషీర్, "రెండు కంప్యూటర్లు పెట్టి చేశామమ్మా, ఆషామాషీ పని కాదు" అన్నాడు.

అత్త కళ్ళు తుడుచుకుని, అలమరలోంచి ఇంకో టేపు తీసి బర్జోర్ చేతిలో పెట్టింది.

"ఇది మా మనవడికి మతదీక్ష ఇచ్చిన నవ్‌జోత్‌ది. ఇందులో మా ఆడపడుచు లేచి ఉపన్యాసం ఇచ్చేవేళకు కూడా నీ కంప్యూటర్ నిండేట్టు చూడు."